పాఠకుల ప్రశ్నలు: రబ్బరు కోడికి గిలక ఎందుకు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే రకం ఆటల గురించి అడిగాయి. గళ్లుగళ్లుగా కనిపించే పాతకాలపు పిక్సెల్ బొమ్మలు, మౌస్‌తో క్లిక్ చేస్తూ నడిపించే కథ, అర్థంపర్థం లేనట్టు తోచే హాస్యం కలిసిన పాయింట్ అండ్ క్లిక్ ఆటలవి. నాకు ఎంతో ప్రియమైన విషయం కనుక ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అక్క కొడుకు సెలవులకు వచ్చి కంప్యూటర్లో ఒక ఓడదొంగల ఆట ఆడుతూ పగలబడి నవ్వుతున్నాడు. నేనూ పక్కన కూర్చుని చూశాను. కాల్పులు లేవు, పరుగులు లేవు, గడియారంతో పోటీ లేదు. ఒక కుర్రవాడు అటూ ఇటూ నడుస్తూ కనిపించిన ప్రతివారినీ పలకరిస్తున్నాడు. ఇందులో ఆట ఎక్కడుంది?
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: మీ వర్ణనను బట్టి అది ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ అయి ఉంటుంది. అమెరికాకు చెందిన లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థ, అంటే తరువాతి కాలంలో లూకాస్‌ఆర్ట్స్‌గా పేరు మార్చుకున్న సంస్థ, 1990లో దాన్ని విడుదల చేసింది. రాన్ గిల్బర్ట్ దాని ప్రధాన రూపకర్త. టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ ఆయనతో కలిసి రాశారు. ఓడదొంగ కావాలనే కోరిక తప్ప మరే అర్హతా లేని గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే యువకుడు కరీబియన్ సముద్రంలోని మెలే దీవికి వచ్చి, ‘నేను దొంగనవుతాను, ఏం చెయ్యాలో చెప్పండి’ అని పెద్దలను అడగడంతో కథ మొదలవుతుంది. కత్తియుద్ధం నేర్చుకోవాలి, ఒక దొంగతనం చేయాలి, ఒక నిధి తవ్వాలి అని వారు మూడు పరీక్షలు పెడతారు.

తెర పైభాగంలో దృశ్యం ఉంటుంది. కింద తెరువు, మూయి, తోయి, లాగు, ఇవ్వు, వాడు వంటి క్రియలు ఒక పక్కన, అప్పటిదాకా సేకరించిన వస్తువులు మరో పక్కన ఉంటాయి. క్రియ మీద ఒకసారి, వస్తువు మీద ఒకసారి క్లిక్ చేస్తే చిన్న వాక్యం తయారవుతుంది. ఆ వాక్యమే గైబ్రష్‌కు మనం చెప్పే పని.

ఆట ఎక్కడుందో చూపడానికి కత్తియుద్ధాన్ని మించిన ఉదాహరణ లేదు. చేతివేగంతో ఇక్కడ పని లేదు. ఎదుటివాణ్ణి మాటతో పొడవాలి, వాడు పొడిచిన మాటకు దీటైన జవాబు చెప్పాలి. ‘నీ కత్తిసాము పాలవ్యాపారి కత్తిసాములా ఉంది’ అని దొంగ ఎత్తిపొడిస్తే, ‘సరిగ్గా కుదిరింది, నీది ఆవు కత్తిసాములా ఉంది’ అనే ధోరణిలో తిప్పికొట్టాలి. మొదట్లో మన దగ్గర మాటలు దాదాపు ఉండవు. దారిలో తారసపడిన దొంగల చేతిలో ఓడుతూ వాళ్ల ఎత్తిపొడుపులు నేర్చుకుంటాం. నేర్చుకున్నదాన్ని మరో దొంగ మీద ప్రయోగిస్తే వాడు జవాబు చెబుతాడు, ఆ జవాబూ మన మూటలో చేరుతుంది. ఇలా మూట నిండాక దీవిలోకెల్లా గొప్ప కత్తివీరురాలైన కార్లాను ఎదిరిస్తాం. ఆమె మాత్రం మనం ఎక్కడా వినని కొత్త ఎత్తిపొడుపులు విసురుతుంది. మన మూటలో ఉన్నవి పాత జవాబులే. కొత్త మాటకు ఏ పాత జవాబు అతుకుతుందో అక్కడికక్కడ పోల్చుకోవాలి. బట్టీ పట్టినవాడు అక్కడ తడబడతాడు, మాటల మర్మం గ్రహించినవాడు గెలుస్తాడు. ఉపాధ్యాయురాలైన మీకు ఇందులోని ఆట ఏమిటో ఇంతకన్నా విడమరచి చెప్పనక్కరలేదని అనుకుంటాను.

ప్రశ్న: అదే ఆటలో నాకు మధ్యలో గిలక బిగించిన రబ్బరు కోడి దొరికింది. దాంతో ఏం చెయ్యాలో తోచక కనిపించిన ప్రతిదాని మీదా పెట్టి చూశాను. అసంబద్ధ హాస్యం అంటే ఇలా గుడ్డిగా కలిపి చూడడమేనా? మంచి అసంబద్ధతకూ, ఆట తయారుచేసినవారి అశ్రద్ధకూ తేడా ఎలా తెలుసుకోవాలి?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: గుడ్డిగా కలిపి చూడవలసి వచ్చిందంటే రెండిట్లో ఒకటి జరిగి ఉండాలి: ఆట చెప్పినదాన్ని మనం వినలేదు, లేదా ఆట చెప్పవలసినదాన్ని చెప్పలేదు. మీ విషయంలో జరిగింది మొదటిదే. కాసేపు కోడిని మరచిపోయి గిలకను చూడండి. గిలక తాడు మీద జారడానికి పనికొస్తుంది. మెలే దీవి ఒడ్డు నుంచి ఎదురుగా ఉన్న చిన్న దీవికి గాలిలో ఒక తీగ కట్టి ఉంది కదా? అక్కడికి చేరడానికి పడవ కూడా లేదు. కోడి నవ్వు కోసం, గిలక దారి కోసం.

పరమానందయ్య శిష్యులు నది దాటిన కథ మీకు తెలిసే ఉంటుంది. నది మేలుకొని ఉంటే మనుషులను మింగుతుందని వారి నమ్మకం. అందుకని మండుతున్న కొరివిని నీళ్లలో ముంచి చూశారు. నది బుస్సుమంది కనుక మెలకువగా ఉందని ఆగిపోయారు. కొంతసేపటికి ఆరిపోయిన అదే కొరివిని మళ్లీ ముంచారు. ఈసారి చప్పుడు లేదు కనుక నది నిద్రపోయిందని నిశ్చింతగా దాటారు. మొదటి నమ్మకం ఒక్కటే పిచ్చిది, ఆ తర్వాత వేసిన ప్రతి అడుగూ తర్కబద్ధమే. మనకు నవ్వు తెప్పించేది కూడా ఆ తర్కంలోని పట్టుదలే. మంచి అసంబద్ధ ఆట సరిగ్గా ఇలాగే నిలబడుతుంది: ముందుగా ఒక వింత నియమాన్ని మనకు చూపించి, ఇక దాన్నుంచి అంగుళం కూడా పక్కకు జరగకుండా నడుస్తుంది.

దీనికి నాకు తెలిసిన శిఖరం 1993లో డేవ్ గ్రాస్‌మన్, టిమ్ షేఫర్ నాయకత్వంలో అదే సంస్థ విడుదల చేసిన ‘డే ఆఫ్ ది టెంటకిల్’. ప్రపంచాన్ని జయించాలనుకునే ఊదారంగు టెంటకిల్‌ను, అంటే ఆక్టోపస్ చేతిలాంటి ఒక వింత జీవిని, ఆపడానికి ముగ్గురు స్నేహితులు కాలయంత్రాలు ఎక్కుతారు. యంత్రం మధ్యలో చెడిపోవడంతో హోగీ 200 ఏళ్లు వెనక్కి, లవర్న్ 200 ఏళ్లు ముందుకు వెళ్లిపోతారు, బెర్నార్డ్ వర్తమానంలోనే ఉండిపోతాడు. ముగ్గురూ ఉన్నది ఒకే భవనంలో, మూడు కాలాల్లో. గతంలో చేసిన మార్పు భవిష్యత్తులో కనిపిస్తుంది, చిన్న వస్తువులను కాలయంత్రంలో పెట్టి ఒకరికొకరు పంపుకోవచ్చు. ఆట మొత్తానికీ ఆధారం ఈ రెండు నియమాలే.

ఇక చూడండి. భవిష్యత్తులో లవర్న్ ఒక చెట్టుకు చిక్కుకుని వేలాడుతోంది. ఆ చెట్టు హోగీ కాలంలోనూ ఉంది, దాని నిండా నారింజలను పోలిన చిన్న చిన్న కుంక్వాట్ పండ్లు ఉన్నాయి. ఆ భవనంలోనే జార్జ్ వాషింగ్టన్ కూడా ఉన్నాడు. వాషింగ్టన్ చిన్నతనంలో చెర్రీ చెట్టు నరికి తండ్రి ముందు నిజం ఒప్పుకున్నాడనే కథ అమెరికాలో ప్రతి పిల్లవాడికీ తెలుసు, ఆటలోని వాషింగ్టన్ కూడా చెర్రీ చెట్లు నరకడం తన ప్రత్యేకత అని గొప్పలు చెప్పుకుంటాడు. కాబట్టి హోగీ కుంక్వాట్లకు ఎర్రరంగు పూయాలి. వాటిని చెర్రీలనుకుని వాషింగ్టన్ చెట్టు నరుకుతాడు. 200 ఏళ్ల క్రితమే నరికిన చెట్టు భవిష్యత్తులో ఉండే వీలు లేదు, లవర్న్ దబ్బున కిందపడుతుంది. ఇందులో ప్రతి సూచనా ముందే మన కళ్ల ఎదుట ఉంది. జవాబు తట్టిన క్షణంలో నవ్వూ, విజయగర్వమూ ఒకేసారి కలుగుతాయి. ఈ రెండూ ఒకే క్షణంలో కలగడం నాకు మరే కళారూపంలోనూ ఇంత తరచుగా ఎదురుకాలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ 1999 నాటి ‘గాబ్రియేల్ నైట్ 3’. అది హాస్యపు ఆటా కాదు, పిక్సెల్ ఆటా కాదు, అయినా మీ రెండో ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు లేదు. అందులో మోటార్‌సైకిలు అద్దెకు తీసుకోవడానికి కథానాయకుడు తన మిత్రుడి వేషం వేయాలి. అందుకోసం తలుపు కన్నానికి టేపు అతికించి, ఆ దారిన దూరిన పిల్లి వెంట్రుకలు సంపాదించి, తీపి పాకంతో వాటిని పెదవి మీద అంటించి మీసం చేసుకోవాలి. తీరా చూస్తే ఆ మిత్రుడికి మీసమే లేదు! కాబట్టి అతడి పాస్‌పోర్టు ఫొటో మీద కూడా మీసం గీయాలి. పిల్లి వెంట్రుకల మీసం వింతగా ఉందని నేను తప్పు పట్టడం లేదు. ఇలా ఆలోచించమని ఆట ఎక్కడా మనకు నేర్పలేదు, గంభీరంగా నడుస్తున్న కథ ఉన్నట్టుండి నియమం మార్చేసింది. లోపం అక్కడుంది.

రాన్ గిల్బర్ట్ 1989లో, అంటే మంకీ ఐలాండ్‌కు ముందే, ఈ రకం ఆటలు ఎందుకు విసిగిస్తాయో వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. తాళం కనిపించకముందే తాళంచెవి చేతికి రాకూడదని, చాలాసేపటి క్రితం ఒక వస్తువు తీసుకోలేదన్న కారణంతో ఆటగాణ్ణి దారి మూసుకుపోయిన చోట వదిలెయ్యకూడదని, చచ్చి బతికి నేర్చుకోమనడం సరికాదని అందులో వాదించారు. ఆ కాలంలో సియెరా సంస్థ ఆటల్లో అడుగు తప్పితే చావే. మంకీ ఐలాండ్‌లో గైబ్రష్ ఒకచోట కొండ అంచు విరిగి కిందపడిపోగానే, సియెరా ఆటల తరహాలో ‘నీ కథ ముగిసింది’ అన్న పెట్టె తెరమీదికి వస్తుంది. మరుక్షణమే అతడు కింద ఉన్న రబ్బరు చెట్టు మీద పడి, ఎగిరి మళ్లీ పైకి వచ్చి నిలబడతాడు. గిల్బర్ట్ వ్యాసం మొత్తం ఆ ఒక్క దృశ్యంలో ఉంది.

ప్రశ్న: నేను యానిమేషన్ చదువుతున్నాను. నేటి కంప్యూటర్లు నిజాన్ని మరిపించే దృశ్యాలు చూపగలిగినా కొందరు పనిగట్టుకుని పిక్సెల్ బొమ్మలే ఎందుకు గీస్తున్నారు? ఇది కేవలం పాత జ్ఞాపకాల మీద మమకారమేనా?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: మమకారం ఉంది, కాదనను. కానీ ఆ బొమ్మల వెనుక ఉన్న పనితనాన్ని మీలాంటి విద్యార్థులు దగ్గరగా పరిశీలించాలి. 1990 నాటి మంకీ ఐలాండ్ మొదట ఈజీఏ పద్ధతిలో వచ్చింది. అంటే అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కల తెర, మొత్తం 16 రంగులు. వెన్నెల రాత్రిని, సముద్రపు పొగమంచును 16 రంగుల్లో చూపాలి. ఆ సంస్థలో పనిచేసిన చిత్రకారుడు మార్క్ ఫెరారీ రెండు రంగుల చుక్కలను గడి విడిచి గడిగా పక్కపక్కన పేర్చి, లేని మూడో రంగును చూసేవారి కంటికి తెప్పించారు. దీన్ని డిథరింగ్ అంటారు. అలా గీసిన బొమ్మ డిస్కులో ఎక్కువ చోటు తీసుకుంటుందని సంస్థలో మొదట అభ్యంతరం ఉండేది. బొమ్మల అందం చూశాక కుదించే పద్ధతినే దానికి తగినట్టు మార్చారు. అదే 1990లో వచ్చిన ‘లూమ్’ అనే ఆటలోని రాత్రి దృశ్యాలను పెద్దవి చేసి చుక్క చుక్కగా చూడండి. నీలం పక్కన నలుపు, నలుపు పక్కన నీలం తప్ప మరేమీ ఉండదు. కొంచెం దూరం జరిగితే అడవి కనిపిస్తుంది.

హాస్యానికి ఇందులో మరో లాభం ఉంది. 1987లో గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ కలిసి కమడోర్ 64 అనే ఆనాటి కంప్యూటర్ కోసం ‘మేనియాక్ మాన్షన్’ తయారుచేసినప్పుడు, అన్ని తక్కువ చుక్కల్లో ముఖం కనిపించాలంటే తల పెద్దదిగా ఉండాలని విన్నిక్ గుర్తించారు. ఆ పాత్రల తలలు ఒంటికి మించి పెద్దవి. కళ్లకు ఒకటి రెండు చుక్కలే దొరుకుతాయి కనుక ముఖంలో భావం చాలావరకు ఖాళీగానే ఉంటుంది. పక్కన వచ్చిన మాటను బట్టి ఆ ఖాళీని మనమే నింపుకుంటాం. ఏమీ ఎరగనట్టు నిలబడ్డ ముఖం మీద పిచ్చి మాట ఎంత బాగా పండుతుందో మన రంగస్థల హాస్యనటులను చూసినవారికి తెలుసు.

గిల్బర్ట్, విన్నిక్ కలిసి 2014లో కిక్‌స్టార్టర్ అనే విరాళాల వెబ్‌సైటు ద్వారా అభిమానుల నుంచి 6 లక్షల 26 వేల డాలర్లకు పైగా సేకరించి, 2017లో ‘థింబుల్‌వీడ్ పార్క్’ విడుదల చేశారు. అందులో ఫెరారీ కూడా బొమ్మలు వేశారు. అది 1987లో జరిగే కథ. పాత క్రియలు, పెద్ద తలలు, చదరపు చుక్కలు అన్నీ ఉన్నాయి, కానీ పాత యంత్రాలకు సాధ్యం కాని వెలుగునీడలు, లోతు ఉన్నాయి. ఊరి బయట శవం చాలాసేపటి నుంచి పడి ఉండడంతో పిక్సెల్ పిక్సెల్‌గా మారిపోతోందని నేర పరిశోధకులు దిగులు పడతారు. తన బొమ్మల తీరునే కథలో వస్తువుగా చేసుకున్న ఇలాంటి చోట్ల, ఈ శైలిని మమకారం కొద్దీ కాక ఆలోచించి ఎంచుకున్నారని స్పష్టమవుతుంది.

పాత ఆటలు పరిశీలించేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. 320×200 బొమ్మను ఆ రోజుల్లో 4:3 నిష్పత్తి గల గాజు తెర మీద చూసేవారు, కనుక ఒక్కో చుక్క వెడల్పు కన్నా కొంచెం ఎత్తుగా ఉండేది. నేటి తెర మీద అదే బొమ్మ చతురస్రపు చుక్కలతో నొక్కేసినట్టు కురచగా కనిపిస్తుంది. నిలువును 200 నుంచి 240కి సాగదీస్తే చిత్రకారుడు చూసిన బొమ్మ మీకూ కనిపిస్తుంది. చందమామ గుండ్రంగా ఉందో లేదో చూడండి, తేలిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు. ఈ ఆటలు కార్టూన్లలా ఉన్నాయి కనుక పిల్లలకు ఇవ్వవచ్చా?
– ఒక తల్లి, డాలస్

జవాబు: బొమ్మను బట్టి నిర్ణయించకండి. మంకీ ఐలాండ్, డే ఆఫ్ ది టెంటకిల్ ఇంట్లో పెద్దవారు పక్కన కూర్చుని ఆడించదగినవి, నెత్తురు లేదు, తెలివికి పదును ఉంది. థింబుల్‌వీడ్ పార్క్ హత్యతో మొదలవుతుంది. అందులోని రాన్సమ్ అనే బఫూన్ నోరు తెరిస్తే బూతులే. వాటి మీద బీప్ శబ్దం వేశారు గాని, అతడేమంటున్నాడో పిల్లలు ఊహించగలరు. మేనియాక్ మాన్షన్‌లో ఎలుకలాంటి పెంపుడు జంతువైన హ్యామ్‌స్టర్‌ను మైక్రోవేవ్‌లో పెట్టే వీలుంది. నింటెండో యంత్రం కోసం ఆ ఆటను మార్చినప్పుడు, ఆ సంస్థవారు ఒక నగ్న విగ్రహం వంటివాటిని తీయించారు. హ్యామ్‌స్టర్ సంగతి మాత్రం వారి కళ్లబడకుండా మొదటి విడత క్యాసెట్లలో అలాగే వెళ్లిపోయింది. పెద్ద సంస్థల పరిశీలకులకే అన్నీ కనిపించలేదు కనుక, మీ అబ్బాయికి ఇచ్చే ముందు మీరు ఒక గంట ఆడి చూడడం మంచిది.

ప్రశ్న: ఎక్కడైనా ఇరుక్కుపోతే ఇంటర్‌నెట్‌లో జవాబు చూసేస్తున్నాను, తర్వాత ఆట మీద ఆసక్తి పోతోంది. చూడకపోతే అడుగు ముందుకు పడదు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇరుక్కుపోవడం ఈ ఆటల్లో భాగమే. మాస్టారి దగ్గరికి పరుగెత్తే ముందు లెక్కతో కాసేపు కుస్తీ పట్టాలి కదా. నా పద్ధతి చెబుతాను. వెళ్లగలిగిన చోట్లన్నిటికీ ఒకసారి వెళ్లి, దొరికిన ప్రతి వస్తువునూ ‘చూడు’ అనే క్రియతో పరీక్షించి ఆ వర్ణన శ్రద్ధగా చదువుతాను. చాలాసార్లు సూచన అక్కడే ఉంటుంది. తరువాత, జరగవలసిన పనిని ఒక్క వాక్యంలో రాసుకుంటాను: ‘కాపలా కుక్కలు నిద్రపోవాలి’ అని. అప్పుడు చేతిలో ఉన్న వస్తువుల్లో ఏవి తినేవి, ఏవి మత్తు కలిగించేవి అని వెదకడం తేలిక. అప్పటికీ తట్టకపోతే కంప్యూటరు మూసేసి మరుసటి రోజు చూస్తాను.

పూర్తి జవాబు చదవడం కన్నా అంచెలంచెలుగా సూచనలిచ్చే ఏర్పాటు ఎంతో మేలు. థింబుల్‌వీడ్ పార్క్‌లో ఏ టెలిఫోన్ దగ్గరికైనా వెళ్లి సూచనల నంబరుకు ఫోన్ చెయ్యవచ్చు. మొదట చిన్న సూచన చెబుతారు, ఇంకా కావాలంటే ఇంకొంచెం చెబుతారు. అదే ఆటను మొదలుపెట్టేటప్పుడు తేలిక పద్ధతిని ఎంచుకుంటే పజిళ్లు తగ్గిపోతాయి. తొలిసారి ఆడేవారు దాన్ని ఎంచుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

ఒక్క హెచ్చరిక. మంకీ ఐలాండ్ పాత ఫ్లాపీ ప్రతిలో అడవిలోని ఒక చెట్టు మోడులోకి తొంగిచూస్తే, 22వ నంబరు డిస్కు పెట్టమని అడుగుతుంది, ఆ పైన ఇంకా పెద్ద నంబర్లు అడుగుతుంది. అన్ని డిస్కులు ఆ ఆటకు ఎప్పుడూ లేవు, అది వట్టి హాస్యం. నమ్మినవారు డిస్కు రాలేదని సంస్థకు ఫోన్లు చేశారు. తరువాతి సీడీ ప్రతిలో ఆ హాస్యాన్ని తీసేశారు. మీ దగ్గర పాత ప్రతి ఉంటే ఆ డిస్కు కోసం వెదకకండి.

ప్రశ్న: ఉద్యోగ విరమణ చేశాను, ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది. ఈ ఆటలు చట్టబద్ధంగా, ఖర్చు లేకుండా దొరుకుతాయా? ఇంగ్లిష్ చదవగలను గాని వేగంగా చదవలేను.
– ఒక బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, నెల్లూరు

జవాబు: దొరుకుతాయి. ముందు స్కమ్‌వీఎం అనే ఉచిత ప్రోగ్రామును దించుకోండి. లూకాస్‌ఫిల్మ్‌వారు మేనియాక్ మాన్షన్ కోసం రాసుకున్న స్కమ్ అనే సాధనంతోనే తరువాతి ఆటలూ తయారయ్యాయి. ఆ ఆటలు నేటి యంత్రాల మీద నడవడానికి స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు 2001లో స్కమ్‌వీఎం మొదలుపెట్టారు. ఇప్పుడు అది ఇతర సంస్థల పాత ఆటలెన్నింటినో కూడా నడిపిస్తుంది. విండోస్, లినక్స్ మీదనే కాక ఆండ్రాయిడ్ ఫోన్ల మీదా పనిచేస్తుంది. స్కమ్‌వీఎంలో ఆట ఉండదు, ఆటను నడిపే యంత్రాంగం మాత్రమే ఉంటుంది. ఆట ఫైళ్లు విడిగా సంపాదించుకోవాలి.

కొన్ని ఆటలను హక్కుదారులే ఉచితంగా ఇచ్చేశారు. వాటిలో మీకు ‘ఫ్లైట్ ఆఫ్ ది అమెజాన్ క్వీన్’ సరిపోతుంది. ఆస్ట్రేలియాలో తయారై 1995లో వచ్చింది, జో కింగ్ అనే అద్దె విమాన చోదకుడు అమెజాన్ అడవిలో కూలిపోయి ఒక పిచ్చి శాస్త్రవేత్త కుట్రలో చిక్కుకునే హాస్యకథ అది. 1994 నాటి ‘బినీత్ ఎ స్టీల్ స్కై’ కూడా ఉచితమే. అది కొంత గంభీరమైనదైనా జోయీ అనే మరమనిషి మాటలు బాగా నవ్విస్తాయి. ఈ రెండింటినీ స్కమ్‌వీఎం వెబ్‌సైటు నుంచే దించుకోవచ్చు. మంకీ ఐలాండ్ వంటివి మాత్రం కొనుక్కోవలసినవే. డబ్బు ఖర్చు చెయ్యదలిస్తే అక్కడ చెయ్యండి.

చదివే వేగం గురించి దిగులు వద్దు. ఈ ఆటల్లో మిమ్మల్ని తరిమేవారు దాదాపు ఉండరు. అమరికల్లో అక్షరాలు తెరమీద నిలిచే సమయాన్ని పెంచుకోవచ్చు. లూకాస్‌ఆర్ట్స్ ఆటల్లో స్పేస్ బార్ నొక్కితే ఆట ఆగుతుంది. పక్కన నిఘంటువు పెట్టుకుని తీరికగా చదవండి.

ప్రశ్న: మేము నలుగురం స్నేహితులం కలిసి తెలుగులో ఇలాంటి పిక్సెల్ హాస్యపు ఆట చెయ్యాలనుకుంటున్నాం. ఏ సాధనాలు వాడాలి? తెలుగు వల్ల ప్రత్యేకంగా వచ్చే ఇబ్బందులేమైనా ఉన్నాయా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, విశాఖపట్నం

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు కలిగిన ఆనందం ఇంతింత కాదు. ఈ రకం ఆటలకు ప్రత్యేకంగా అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే ఉచిత సాధనం ఎన్నో ఏళ్లుగా ఉంది, ఇంగ్లిష్‌లో చేసేవారికి అది చాలా అనుకూలం. మీకు మాత్రం గోడో అనే గేమ్ ఇంజన్, అంటే ఆటలు తయారుచేసి నడిపే సాధనం, మేలు. తెలుగు అక్షరాలు సరిగా కనిపించాలంటే గుణింతాలను, వత్తులను కలిపి ఒక ముద్దగా అమర్చే ఏర్పాటు ఇంజన్‌లో ఉండాలి. 2023లో వచ్చిన గోడో 4లో హార్ఫ్‌బజ్ అనే అక్షరాల అమరిక ప్రోగ్రాము ఆధారంగా ఆ ఏర్పాటు ఉంది. గది, పాత్ర, వస్తువుల సంచి, సంభాషణ వంటివాటిని సిద్ధంగా అందించే పోపోచియు అనే ఉచిత ప్లగిన్ కూడా దానికి దొరుకుతుంది.

మొదటి ఇబ్బంది ఎత్తు. 320×200 తెరలో దృశ్యానికి 144 వరుసలు పోగా క్రియలకు, వస్తువులకు మిగిలేవి 56 వరుసలే. ఇంగ్లిష్ అక్షరం 8 చుక్కల ఎత్తులో ఇమిడిపోతుంది. మనకు పైన గుడి, కింద వత్తు, కొన్నిచోట్ల వత్తు కింద మరో వత్తు ఉంటాయి. ‘స్త్రీ’ అని 8 చుక్కల్లో రాయడానికి ప్రయత్నించి చూడండి, ముద్దలా మిగులుతుంది. కాబట్టి బొమ్మలను 320×180లో గీసి, అక్షరాలను మాత్రం తెర పూర్తి స్పష్టతలో విడి పొరగా వెయ్యండి. 320×180ని ఆరింతలు చేస్తే సరిగ్గా 1920×1080 వస్తుంది, చుక్కలు ఎక్కడా వంకర పోవు. అక్షరాలూ పిక్సెల్ తీరులోనే ఉండాలని మీకు పట్టుదల ఉంటే 640×360 తీసుకుని, వరుసల మధ్య ఎడం ధారాళంగా వదలండి.

రెండో ఇబ్బంది వాక్యం. ఇంగ్లిష్‌లో క్రియ, వస్తువు, మధ్యలో ఒక చిన్న మాట పేరిస్తే చాలు, వస్తువు పేరు మారదు. మనకు క్రియ చివర వస్తుంది, వస్తువు పేరుకు విభక్తి కావాలి, ఆ విభక్తి ముందు పేరే మారిపోవచ్చు. ప్రోగ్రాము ‘కు’, ‘తో’ అని గుడ్డిగా అతికిస్తే ‘ఇల్లుకు’, ‘నెయ్యితో’, ‘రాయితో’ అని వస్తుంది. ‘ఇంటికి’, ‘నేతితో’, ‘రాతితో’ అని చదవాలనుకునే పాఠకుడికి అది పంటికింద రాయి. కాబట్టి ప్రతి వస్తువుకూ ఒక పేరు కాక నాలుగు రూపాలు రాసి పెట్టుకోండి: నెయ్యి, నేతిని, నేతికి, నేతితో. శ్రమే గాని, వంద వస్తువుల ఆటకు ఇది ఒక పూట పని. లేదా పాత క్రియల పట్టికను వదిలేసి, ఎడమ క్లిక్ పనికి, కుడి క్లిక్ చూపుకు అని రెండింటితో సరిపెట్టుకోండి. ఇప్పటి ఆటలు చాలావరకు ఈ రెండో దారినే పోతున్నాయి. నాకైతే మొదటి దారి ఇష్టం, ఎందుకంటే తెర అడుగున ‘మేకకు కళ్లజోడు పెట్టు’ అని ఒక వాక్యం తయారవుతుండగానే సగం నవ్వు వచ్చేస్తుంది.

కథకు సంబంధించి ఒక్క సలహా చెబుతాను. వింత నియమాన్ని ఒక్కదాన్నే ఎంచుకుని, మొదటి గదిలోనే చిన్న పజిల్‌తో చూపించండి. మీ ఊళ్లో పోగొట్టుకున్న ప్రతి వస్తువూ మరునాడు ఒకే కిళ్లీకొట్టులో తేలుతుందని అనుకుందాం. ఆటగాడు మొదట తన చెప్పు పోగొట్టుకుని అక్కడ దాన్ని చూసి ఆశ్చర్యపోవాలి. ఆ తర్వాత, దాటడానికి వీల్లేని గేటు అవతలి నుంచి ఒక వస్తువును తెప్పించడానికి దాన్ని ‘పోయేలా’ చెయ్యాలని అతడికే తట్టాలి. అది అతడికి తట్టేవరకు రెండో నియమం జోలికి పోకండి.

చివరగా, సరికాని ప్రయత్నాలకు ఇచ్చే జవాబుల గురించి. ఈ ఆటల్లో ఆటగాడు ఎక్కువ సమయం తప్పు పనులు చేస్తూనే గడుపుతాడు. ప్రతి తప్పుకూ ‘అది పనిచెయ్యదు’ అనే ఒకే మాట వస్తే పావుగంటలో ఆట మూసేస్తాడు. సంచిలో 20 వస్తువులుంటే వాటిని రెండేసి చొప్పున కలిపే అవకాశాలే 190, అన్నిటికీ విడివిడిగా రాయలేరు, రాయనక్కరలేదు కూడా. మొదటి రెండు గదులు పూర్తి కాగానే, ఆట గురించి ఏమీ తెలియని ఒకరిని కూర్చోబెట్టి ఆడించండి. మీరు పక్కన కూర్చుని, నోరు మెదపకుండా, ఆ మనిషి ఏ వస్తువును దేని మీద పెట్టి చూశారో వరుసగా కాగితం మీద రాసుకోండి. ఇద్దరు ముగ్గురితో ఇలా చేస్తే అందరూ చేసే తప్పులు ఏవో బయటపడతాయి. ముందుగా వాటికి జవాబులు రాయండి, ఆ తర్వాతే మూడో గది మొదలుపెట్టండి.